అద్దె గది: చూడవలసినవి, అడగవలసినవి

మన విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు చేరింది. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చేవాళ్ళలో హాస్టల్ సీటు దొరికినవాళ్ళది ఒక కథ, దొరకనివాళ్ళది మరొక కథ. దొరకనివాళ్ళు మద్దిలపాలెం, చినవాల్తేరు, పెదవాల్తేరు, శివాజీపాలెం, ఇసుకతోట సందుల్లో టులెట్ బోర్డులు చదువుకుంటూ తిరుగుతారు. ఆ బోర్డుల్లో సగం "ఫ్యామిలీస్ ఓన్లీ" అంటాయి. మిగతా సగం చూసి మనం సంతోషిస్తాం. ఆ సంతోషంలోనే పొరపాటు జరిగిపోతుంది.

ఒక గదిని తప్పుగా చూసి, రెండో గదిని కాస్త సరిగ్గా చూసినవాణ్ణి నేను. వచ్చే జూలైలో మన కళాశాలలో చేరబోయేవాళ్ళకు పనికొస్తుందని ఆ అనుభవాన్నే పాఠంగా రాస్తున్నాను. లెక్చరర్లు ఇదంతా తమకు తెలిసిందే అనుకోవచ్చు. పూర్వవిద్యార్థులకైతే తమ గదులు గుర్తుకు రావచ్చు.

2022 జూలై చివర్లో నేనూ, శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన నా సహాధ్యాయీ కలిసి గది తీసుకోవాలనుకున్నాం. వాడికి ఊళ్ళో ఉడుపుల పని వుండి రాలేకపోయాడు. "నువ్వు చూసి ఖాయం చేసెయ్యిరా, నీకు నచ్చితే నాకూ నచ్చినట్టే" అన్నాడు ఫోనులో. నేను సాయంత్రం నాలుగింటికి వెళ్ళాను. ఇంటాయన మర్యాదస్తుడిలాగే వున్నాడు. మేడ మీద వాటా తాళం తీశాడు. గోడలు పాలలా తెల్లగా వున్నాయి, పెయింటు వాసన ఇంకా పోలేదు. ఫాను తిరిగింది. కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చాయి. కిటికీ తెరిస్తే రెండు మేడల మధ్య అరచెయ్యంత సముద్రం కనిపించింది. నిజం చెప్పాలంటే ఆ అరచెయ్యంత సముద్రానికే నేను పడిపోయాను. నెలకు 6 వేలు అద్దె, రెండు నెలల అడ్వాన్సు. 12 వేలూ అక్కడికక్కడే ఫోనులో పంపేశాను. "కాగితం రేపో ఎల్లుండో రాసుకుందాం బాబూ, మనలో మనకేమిటి" అన్నాడాయన. మొత్తం పది నిమిషాలు పట్టింది. సెకండ్ హాండ్ సైకిలు కొన్నప్పుడు కూడా నేను అంతకంటే ఎక్కువసేపు చూశాను.

అక్టోబరు వానలు పడ్డాక నా మిత్రుడికి మొదట జ్వరం, తరువాత వాంతులు, ఆ తరువాత కళ్ళు పచ్చబడ్డాయి. డాక్టరుగారు పరీక్షలు చేయించి కామెర్లు అన్నారు. కాలేయానికి సోకే ఈ జబ్బుల్లో ఎ, ఇ అనే రెండు రకాలు మలంతో కలుషితమైన నీళ్ళ ద్వారా, తిండి ద్వారా వస్తాయని, ఒంట్లో చేరిన కొన్ని వారాలకు గానీ బయటపడవని చెప్పారు. అంచేత మా గది నీళ్ళవల్లే వచ్చిందని నేను రుజువు చెయ్యలేను. మెస్సులో నీళ్ళు కావచ్చు, బీచిలో తిన్న ముంత మసాలా కావచ్చు. కానీ అదే ఆవరణలో కింది వాటా పిల్లలిద్దరికి కూడా ఆ నెలలోనే వచ్చింది. వాడు డిసెంబరు సెమిస్టరు పరీక్షలు రాయలేకపోయాడు. గది చూసి ఖాయం చేసింది నేను. పడుకున్నది వాడు.

వాణ్ణి తీసుకుపోవడానికి వాళ్ళమ్మగారు ఊరినుంచి వచ్చారు. ఆవిడ బడికి వెళ్ళిన మనిషి కాదు. వచ్చిన పావుగంటకు నన్ను అడిగారు: "బాబూ, మీరు తాగే నీళ్ళు ఎక్కడివి?"

"కుళాయివేనండీ."

"కుళాయికి ఎక్కడ్నించొస్తన్నాయి?"

డాబా మీద నల్ల ట్యాంకు చూపించాను.

"మరి దానికెక్కడ్నించొస్తన్నాయి?"

నాకు తెలియదు. మూడు నెలలుగా ఆ నీళ్ళు తాగుతున్నాను, నాకు తెలియదు. ఆవిడ మెట్లు దిగి, పెరట్లోకి వెళ్ళి, సిమెంటు పలక ఒకటి పక్కకు జరిపించారు. అది సంపు. పలక నేలకు సమంగా వుంది, వాన వస్తే పెరట్లో నీళ్ళన్నీ అందులోకే. లోపలి గోడకు నిలువునా బీట. దానికి నా పాదాలతో ఏడడుగుల దూరంలో మరో పలక. దాని కింద ఏముందో వాసనే చెప్పింది.

"దానికెక్కడ్నించి?" అన్న ఆ ఒక్క ప్రశ్నే నేను ఇప్పుడు చెప్పదలచుకున్న పాఠం. గది చూపించేవాళ్ళు మనకు ప్రతిదాని చివర మాత్రమే చూపిస్తారు. కుళాయి చూపిస్తారు, సంపు చూపించరు. బల్బు చూపిస్తారు, మీటరు చూపించరు. తాళం తీసిన మనిషి కనిపిస్తాడు, ఇల్లు ఎవరిదో కనిపించదు. చివర నుంచి మొదటిదాకా మనమే నడవాలి.

ముందు నీళ్ళ సంగతి. తాగునీటి బావి మురుగు గోతులకు కనీసం 15 మీటర్ల దూరంలో, అంటే ఇంచుమించు 50 అడుగుల దూరంలో వుండాలని ప్రజారోగ్య గ్రంథాలు చెబుతాయి. మన పేటల్లో 150 గజాల స్థలం అంటే 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు. అందులో మూల నుంచి మూలకు కొలిస్తే తప్ప 50 అడుగులు రావు. కనుక దూరం ఒక్కటే పట్టుకు కూర్చుంటే ఈ ఊళ్ళో గది దొరకదు. చూడవలసింది ఏమంటే, సంపు మూత నేలకంటే జానెడు ఎత్తున వుందా, లోపలి గోడలకు బీటలున్నాయా, చివరిసారి ఎప్పుడు కడిగారు, సెప్టిక్ ట్యాంకు దానికి ఎగువన వుందా దిగువన వుందా. మునిసిపల్ నీళ్ళు వేరుగానూ బోరు నీళ్ళు వేరుగానూ వస్తాయా, లేక రెండూ ఒకే సంపులో కలుస్తాయా అని తప్పకుండా అడగాలి. కలిస్తే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావనే అనుకుని, కాచి తాగాలి. అనుమానం తీరాలంటే చవకైన పద్ధతి ఒకటి వుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసా అని అమ్ముతారు. అందులో నీళ్ళు పోసి గది వేడిలో ఒకటి రెండు రోజులు వుంచితే, మలసంబంధమైన కలుషితం వుంటే సాధారణంగా నల్లబడుతుంది. మన మైక్రోబయాలజీ మిత్రులను అడిగితే వాళ్ళు ఇంకా నమ్మకమైన పరీక్ష చేసిపెడతారు, ఒక టీ ఇప్పిస్తే చాలు.

నీళ్ళు మంచివైతే చాలదు, చాలినన్ని కావాలి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అవసరమని మన దేశంలో లెక్క కడతారు. మేడ మీద ఆరుగురు వుంటే 810 లీటర్లు. ట్యాంకు మీద 500 లీటర్లు అని రాసి వుంటే, రోజుకు రెండుసార్లు మోటారు వెయ్యాలి. ఆ స్విచ్ ఎవరి ఇంట్లో వుంది? ఇంటివాళ్ళ ఇంట్లో వుండి, వాళ్ళు పండక్కి ఊరెళితే మీ గతి ఏమిటి? ఇది నవ్వులాటకు అనడం లేదు. మేము ఒక దసరాకు రెండు రోజులు పక్కింటివాళ్ళ దయతో స్నానం చేశాం.

గది చూడ్డానికి ఇంటివాళ్ళు చెప్పిన వేళకు వెళ్ళండి, తప్పులేదు. కానీ ఇంకోసారి ఉదయం ఏడింటికి వెళ్ళండి. అందరూ స్నానాలు చేసే వేళలో బకెట్టు కుళాయి కింద పెట్టి గడియారం చూడండి. 15 లీటర్ల బకెట్టు నిండడానికి అయిదు నిమిషాలు పడితే నిమిషానికి మూడు లీటర్లు. తొమ్మిదింటి క్లాసుకు ఆ ధారతో ఎంతమంది తయారు కాగలరో మీరే లెక్క వేసుకోవచ్చు. సాయంత్రం నాలుగింటికి నేను చూసిన ధార అందరూ బయటికి పోయినప్పటి ధార.

ఇక విశాఖపట్నానికి ప్రత్యేకమైన సంగతి ఉప్పుగాలి. సముద్రం కనబడే గదికి సముద్రం కూడా వస్తుంది. గాలిలోని ఉప్పు కాంక్రీటు లోపలికి దిగి ఇనప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక లోపలినుంచి తోసి, శ్లాబు కింది పొర పెచ్చులుగా ఊడిపడుతుంది. కనుక గదిలోకి వెళ్ళగానే ముందు పైకి చూడండి. పెయింటులో వంకరటింకర సన్నగీతలు వుంటే అంత భయం లేదు. చువ్వ వెంబడి గీత గీసినట్టు తిన్నగా పోయే బీట వున్నా, దాని చుట్టూ గోధుమరంగు మరక వున్నా అక్కడ మంచం వెయ్యకూడదు. కర్రతో మెల్లగా తట్టి చూడండి. గట్టి శ్లాబు ఠంగుమంటుంది, పొర విడిపోయింది డొల్లగా మోగుతుంది. ఇంటివాళ్ళు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. మొహమాటం నెత్తిన పడే పెచ్చును ఆపదు.

కొత్త పెయింటు గూర్చి ఒక మాట. జూన్, జూలై నెలల్లో మన పేటల్లో వేసే పెయింటు చాలావరకు మనకోసమే. దాని వెనక చెమ్మ వుందో లేదో చూడాలంటే మూడు చోట్లు చాలు: బాత్‌రూము గోడకు అవతలివైపు, కిటికీ గూడు కింది మూలలు, అల్మారా లోపలి గోడ. అల్మారా లోపల ఎవరూ రంగు వెయ్యరు. తలుపు తీసి ముక్కు పెట్టండి. ముగ్గ వాసన వస్తే మీ పుస్తకాలూ, సర్టిఫికెట్లూ నవంబరుకు ఆ వాసనే కొడతాయి.

డాబా మీద వేసిన రేకుల గదులు అద్దె తక్కువని మనవాళ్ళు ఎగబడతారు. వేసవిలో వేడి ఎలాగూ వుంటుంది, దాని సంగతి వదిలెయ్యండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీదనే తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల పైచిలుకు వీచింది. రేకులు కాగితాల్లా ఎగిరిపోయాయని ఆ రోజు చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. రేకులగది చూసేటప్పుడు వాటిని దూలాలకు బోల్టులతో బిగించారా, లేక రాళ్ళు పెట్టి వదిలేశారా చూడండి. రాళ్ళు కనబడితే దిగి వచ్చెయ్యండి.

కరెంటు విషయంలో రెండు జాగ్రత్తలు, ఒకటి ప్రాణానికి, ఒకటి జేబుకు. ఫ్యూజు వైరును కాపాడుతుంది గానీ షాకు కొట్టిన మనిషిని కాపాడదు. మనిషికోసం వేరే పరికరం వుంటుంది, ఆర్.సి.సి.బి. అంటారు. 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు దారి తప్పితే తటాలున ఆపేస్తుంది. దాని మీద టి అక్షరంతో చిన్న బొత్తాం వుంటుంది. నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే అది అలంకారానికే. అసలు లేకపోతే పెట్టించమని అడగండి. ముఖ్యంగా మనం బకెట్టులో నీళ్ళు కాచుకునే హీటరు కడ్డీ వున్నదే, అది 1500 వాట్లదైతే ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. ఫోను చార్జరు పెట్టే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. అందులో హీటరు పెడితే సాకెట్టు కరుగుతుంది. పెద్ద మూడు కన్నాల 16 ఆంపియర్ల సాకెట్టు గదిలో ఎక్కడుందో, దానికి ఎర్తు వుందో లేదో ఎలక్ట్రీషియనుతో చూపించుకోవాలి.

జేబు సంగతి సబ్ మీటరు. ఇంటివాళ్ళు యూనిట్టుకు ఇంత అని చెబుతారు, అది ముందే ఖాయం చేసుకోవాలి. చేరిన రోజు అంకె ఫొటో తీసి ఇద్దరూ దగ్గర పెట్టుకోవాలి. మీటరు పరుగెడుతోందని అనుమానం వస్తే మిగతావన్నీ ఆపి ఆ 1500 వాట్ల కడ్డీనే నీళ్ళ బకెట్టులో పెట్టి ఇరవై నిమిషాలు చూడండి. ఇంచుమించు అర యూనిట్టు తిరగాలి. ముప్పావు తిరిగితే మాట్లాడవలసింది వుందన్నమాట. మరో వాటా బల్బు, నీళ్ళ మోటారు కూడా మీ మీటరు మీద వుండవచ్చు. మీ మెయిన్ ఆపి, ఎవరి దీపం ఆరిందో చూస్తే తేలిపోతుంది.

రాత్రి గేటు తాళం ఎవరి దగ్గర? ఈ ప్రశ్న మనం అడిగితే ఇంటివాళ్ళు "ఏం, అర్ధరాత్రి తిరుగుళ్ళా?" అన్నట్టు చూస్తారు. నా మిత్రుడికి వాంతులు ఎక్కువైన రాత్రి రెండింటికి ఇంటాయన్ను లేపడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. ఆటో బయట నిలబడి వుంది, మేము గేటు లోపల. అప్పటినుంచి నేను తాళంచెవి చేతిలో పెట్టని ఇల్లు చూడను. మెట్లదారి ఒక్కటే వుండి, దాని కింద స్కూటర్లూ గ్యాసు బండలూ పెట్టిన ఇల్లు కూడా నాకు నచ్చదు. మా క్లాసు అమ్మాయిలు ఇంకా కొన్ని చెప్పారు: గడియ లోపలినుంచి గట్టిగా పడుతుందా, బాత్‌రూము వెంటిలేటరు ఎవరి డాబా వైపు వుంది, తలుపుకు మన సొంత తాళం వేసుకోనిస్తారా, ఇంటివాళ్ళు చెప్పకుండా లోపలికి వస్తారా. చివరిది ఇంటివాళ్ళను అడిగి లాభం లేదు. అంతకుముందు అక్కడ వున్నవాళ్ళను అడగాలి. అసలు ఏ గది విషయంలోనైనా అరగంట పరిశీలన కంటే, ఖాళీ చేసి పోతున్నవాడు ఇంటివాళ్ళు వినకుండా చెప్పే రెండు ముక్కలు ఎక్కువ విలువైనవి. వాడి ఫోను నంబరు ఇవ్వడానికి ఇంటివాళ్ళు తటపటాయిస్తే అది కూడా ఒక జవాబే.

మరొకటి రాయకుండా వుండలేను. రెండో గది వెతికేటప్పుడు మూడు ఇళ్ళలో అద్దె కంటే ముందు "మీరేవిట్లు?" అని అడిగారు. నా మిత్రుడు నావైపు చూశాడు. రెండు చోట్ల నిజం చెప్పాడు, రెండు చోట్లా గది అంతకుముందే ఇచ్చేశామన్నారు. బోర్డు మాత్రం వారం తరువాత కూడా అక్కడే వుంది. బకెట్టుతోనూ కర్రతోనూ పరీక్ష చేసి తప్పించుకునే లోపం కాదిది. ఆ రోజు వాళ్ళమ్మగారు "పద బాబూ, ఆ నీళ్ళు మనకొద్దు" అని ముందు నడిచారు. మూడో ఇంట్లో వాడు చెప్పనే లేదు, లేచి వచ్చేశాం.

డబ్బు సంగతికి వస్తాను. డబ్బు ఎవరికి ఇస్తున్నామో వాళ్ళదే ఇల్లని తాళంచెవి చెప్పదు. ఇంటిపన్ను రసీదు గానీ కరెంటు బిల్లు గానీ చూపించమని మర్యాదగా అడగవచ్చు. పేరు వేరైతే అన్నగారిదా, అత్తగారిదా, వాళ్ళతో ఒక్కసారి ఫోనులో మాట్లాడవచ్చు. అడ్వాన్సు నోట్ల రూపంలో కాకుండా ఫోనులో పంపితే ఆధారం వుంటుంది. ఆ ఒక్క పనీ నేను అనుకోకుండా సరిగ్గా చేశాను. ఆధార్ జిరాక్సు ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా ఎందుకోసమో, ఏ తేదీనో రాసి ఇవ్వండి.

కాగితాలు 11 నెలలకే ఎందుకు రాస్తారో చాలామందికి తెలియదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షను ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే 11. నెలనెలా అద్దెకు వుండే ఇంటికి, వేరే షరతు రాసుకోకపోతే, ఎవరు వద్దనుకున్నా 15 రోజుల నోటీసు ఇవ్వాలని 106వ సెక్షను అంటుంది. అయితే "వేరే షరతు" అన్నచోటే మన డబ్బు పోతుంది. నేను చేరిన వారానికి ఇంటాయన తెచ్చిన కాగితంలో, 11 నెలలు నిండకుండా వెళితే ఒక నెల అద్దె, పెయింటు ఖర్చు అడ్వాన్సులో కోసుకుంటామని వుంది. చదివాను. అప్పటికే డబ్బు ఇచ్చేశాను, సామాను దించేశాను. సంతకం పెట్టక ఏం చేస్తాను? డిసెంబరులో ఖాళీ చేస్తే 12 వేలలో 3 వేలు చేతికి వచ్చాయి. కాబట్టి వరస ఇది: ముందు కాగితం చదవడం, తరువాత డబ్బు, ఆ తరువాత సామాను. నివాసపు ఇళ్ళకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో వుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలు. అయినా బేరంలో ఆ మాట ఎత్తితే కొందరు ఇంటివాళ్ళు ఆలోచిస్తారు.

జనవరిలో వాళ్ళమ్మగారు మాతో నాలుగు రోజులు తిరిగారు. పదకొండు గదులు చూశాం. ప్రతి ఇంట్లోనూ ఆవిడ గదిలోకి రాకుండా ముందు పెరట్లోకి వెళ్ళేవారు. దొరికిన గది పెదవాల్తేరులో, కింది వాటా. అందులోంచి సముద్రం కనబడదు, ఎదురింటి గోడ కనబడుతుంది. సంపు మూత మూరెడు ఎత్తున వుంది. ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన మామ్మగారు. చేరిన రోజు మేము గదిలోని లోపాలన్నీ ఒక కాగితం మీద రాసి, రెండు ప్రతులు తీసి, మొహమాటపడుతూనే ఆవిడకు ఇచ్చాం: కిటికీ అద్దం ఒకటి పగిలింది, బాత్‌రూము కుళాయి కారుతోంది, గోడకు మేకుల కన్నాలు ఏడు. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. సంతకం పెట్టే ముందు కలం తీసుకుని మేము చూడనిది ఒకటి కింద తనే రాశారు: "వంటింటి గట్టు కింద తలుపు బందు ఊడివుంది. ఉగాదిలోగా వేయిస్తాను."